గుంజీళ్ళా? బరువులా?



కాళ్ళలో కండ పెంచుకోవటం ఎలా అన్నది ఇవాళ్టి మన విషయం. "అది తాలింఖానాకి వెళ్ళే మగపిల్లల గొడవ కదమ్మా, మనకెందుకూ?" అని నవ్వకండి. ముందు ఒక్క పని చెయ్యండి. నేలమీద చాప పరుచుకుని బాసింపట్టు వేసుకుని కూర్చోండి. ఇప్పుడు గోడ పట్టుకోకుండా, మోకాలిమీద చెయ్యి ఆన్చకుండా లేవండి. లేచారా? లేస్తే సంతోషమే. లేవలేకపోతే మాత్రం ఈ మాటలు మీకోసమే.

నా సంగతి నాకు రెండేళ్ళ కిందట శ్రావణమాసంలో తెలిసింది. పక్కింటి పేరంటంలో వాయనం పుచ్చుకుని పీటమీంచి లేవబోతే కాళ్ళు మాట వినలేదు. పక్కావిడ భుజం పట్టుకున్నాను. ఆవిడదీ నా వయసే, ఆవిడకీ ఆసరా కావాలి! ఇద్దరం నవ్వుకున్నాం గాని, ఇంటికొచ్చాక నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే అంతకు ముందటేడు మా అత్తగారు స్నానాల గదిలో కూలబడ్డారు. జారి కాదు సుమండీ. ముక్కాలిపీటమీంచి లేవబోయి, కాళ్ళలో పట్టు లేక కూలబడ్డారు. తుంటి ఎముక విరగలేదు, అదే పదివేలు. కాని ఆనాటినుంచి ఒంటరిగా స్నానానికి వెళ్ళాలంటే ఆవిడకి భయం. తలుపు గడియ వేసుకోరు. గుమ్మం దగ్గర నేను నిలబడాలి. ఎంత అభిమానవంతురాలో ఆవిడ! నా వంతు ఎప్పుడొస్తుందా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రోజంతా ఇంటిపని చేస్తూనే వున్నాం, ఇంకా కాళ్ళకి వ్యాయామం ఏమిటి అంటారా? నేనూ అలాగే అనుకున్నాను. కాని ఒకసారి లెక్క చూడండి. మా అమ్మ నూతిలోంచి నీళ్ళు తోడి, బిందె చంకన పెట్టుకుని గుమ్మాలెక్కేది. రుబ్బురోటి ముందు పీట వేసుకుని కూర్చుని పిండి రుబ్బేది, పొయ్యి ముందు లేచీ కూర్చునీ వండేది. కూర తరిగినా కత్తిపీట ముందు నేలమీదే. మనకి కుళాయి వచ్చింది, మిక్సీ వచ్చింది, గట్టుమీద గ్యాసుపొయ్యి, కుర్చీలు వేసుకుని బల్లమీద భోజనం. ఆ కష్టం మళ్ళీ రావాలని నేననను. ఒళ్ళు హూనమయ్యే చాకిరీ అది. కాని దానితోపాటు తెలియకుండానే కాళ్ళకి రోజూ పడే బరువు కూడా పోయింది. నిలబడి అలిసిపోవటం వేరు, కండకి పని పడటం వేరు. ముప్ఫైలు దాటాక కండ మెల్లగా తరగటం మొదలవుతుంది, అరవై దాటాక ఆ తరుగుదల జోరందుకుంటుంది.

సరే, ఏం చెయ్యాలి? మా ఇంట్లో రెండు పక్షాలు తయారయ్యాయి. కోడి రామ్మూర్తి నాయుడు గారి కథలు చెప్పుకుంటూ పెరిగిన మా మేనమామగారు, "బస్కీలు తియ్యవే అమ్మాయ్, వంద తీస్తే చాలు" అన్నారు. బస్కీలంటే మనం బళ్ళో తీసిన గుంజీళ్ళవంటివే లెండి. కాలేజీలో చదివే మా అబ్బాయేమో, "వందలూ వేలూ దండగమ్మా. బరువు మొయ్యాలి. పది మార్లు ఎత్తేసరికి చాలు బాబోయ్ అనిపించేంత బరువు" అంటాడు. ఒకరిది ఎక్కువ మార్లు, ఒకరిది ఎక్కువ బరువు.

ఈ తగాదా మా ఇంట్లో పుట్టింది కాదు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికా సైన్యంలో థామస్ డెలోర్మ్ అనే డాక్టరుండేవారు. కాలు విరిగి, పిండికట్టులో నెలల తరబడి పడుకున్న సైనికుల తొడలు పుల్లల్లా అయిపోయేవి. అంతవరకు వాళ్ళచేత తేలిక కసరత్తులే చేయించేవారు. ఈయన ధైర్యం చేసి బరువులు కట్టించి ఎత్తించారు. ఆ ఫలితాలు 1945లో ప్రకటించారు. మొదట్లో 70 నుంచి 100 మార్లు ఎత్తించినా, 1948 నాటికి పది మార్ల చొప్పున మూడు విడతలు చాలన్నారు. పది మార్లు మాత్రమే ఎత్తగలిగే బరువేదో చూసుకోవాలి. మొదటి విడత అందులో సగం, రెండో విడత ముప్పావు, మూడోది పూర్తిగా. ఈ లెక్క వ్యాయామశాలల్లో ఇప్పటికీ వినబడుతూనే వుంది. బలం కావాలంటే కొద్ది మార్లు ఎక్కువ బరువు, ఓర్పు కావాలంటే తక్కువ బరువు ఎక్కువ మార్లు, ఒకదానివల్ల రెండోది రాదు అని ఆయన మాట. మా అబ్బాయిది ఈ పక్షమే, వాడికి ఆ డాక్టరు పేరు తెలియకపోయినా.

చాలాకాలం అందరూ అలాగే నమ్మారు. 2012లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంవారు దీన్ని తమాషాగా పరీక్షించారు. 18 మంది కుర్రవాళ్ళని తీసుకుని, ఒక్కొక్కరి రెండు కాళ్ళకీ రెండు వేరు వేరు పద్ధతులు పెట్టారు. ఒకేసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 80 శాతం ఒక పద్ధతి, 30 శాతం మాత్రమే ఇంకో పద్ధతి, ఒక్కోటి మూడేసి విడతలు. ఏ బరువైనా సరే, ఇక లేవదు అనేదాకా ఎత్తాలి. వారానికి మూడుసార్లు, పది వారాలు. ఆఖర్న తొడల్ని స్కానింగు తీసి కొలిస్తే, బరువు కాలూ తేలిక కాలూ ఇంచుమించు ఒకేలా, 7 శాతం దాకా పెరిగాయి! 80 శాతం బరువే ఒక్క విడతతో ఆపిన కాళ్ళకి అందులో సగమే పెరిగింది. అయితే ఒకేసారి పెద్ద బరువెత్తే బలం మాత్రం, బరువులు మోసిన కాళ్ళకే ఎక్కువ వచ్చింది. కండ విషయంలో మా మేనమామగారు ఓడిపోలేదు, బలం విషయంలో మా అబ్బాయి గెలిచాడు.

ఇదెలా జరుగుతుందో కాస్త నిదానంగా చెబుతాను, అసలు కీలకం ఇక్కడే వుంది. మన తొడ ఒకే ముద్ద కాదు. సన్నని కండపోగులు కట్టలు కట్టలుగా వుంటాయి. ఒక్కొక్క కట్టనీ ఒక్కొక్క నరం నడిపిస్తుంది. చిన్న కట్టలకి బలం తక్కువ, ఓర్పు ఎక్కువ. పెద్ద కట్టలకి బలం ఎక్కువ, త్వరగా డస్సిపోతాయి. పని తగిలినప్పుడు ముందు చిన్నవి లేస్తాయి, అవి చాలకపోతేనే పెద్దవి లేస్తాయి. ఈ వరసని అమెరికా శాస్త్రవేత్త ఎల్‌వుడ్ హెన్నెమన్ 1965లో వివరంగా నిరూపించారు. వయసు మీదపడితే ఎక్కువగా చిక్కిపోయేవి ఆ పెద్ద కట్టలే. కాలు తట్టుకున్నప్పుడు తటాలున నిలదొక్కుకోవటానికి కావలసినవీ అవే.

పెళ్ళివారింట్లో వడ్డన చూడండి. పది విస్తళ్ళు వేస్తే ఇద్దరు పిల్లలు చాలు, అరుగుమీద కూర్చున్న పెద్దవాళ్ళు కదలరు. వంద విస్తళ్ళు ఒక్కసారే వేశారనుకోండి, ఇంటిల్లిపాదీ నడుం బిగిస్తారు. అది బరువులెత్తటం. లేదూ, పది విస్తళ్ళే, కాని బంతిమీద బంతి లేస్తూనే వుంది. వడ్డించే పిల్లలు డస్సి చతికిలబడతారు. అప్పుడు పెద్దవాళ్ళు లేవక తప్పదు. అది గుంజీళ్ళు. ఏ దారినైనా అరుగుమీది పెద్దవాళ్ళు లేవటమే కావలసింది. రెండు బంతులకే వడ్డన ఆపేస్తే వాళ్ళెందుకు లేస్తారు?

నేను చేసిన పొరపాటు సరిగ్గా అదే. మేనమామగారి మాట పట్టుకుని మూడు నెలలపాటు రోజూ పొద్దున్నే ఇరవై గుంజీళ్ళు తీశాను. అవీ సగం వంగి లేచే దొంగ గుంజీళ్ళు. ఇరవై అయిపోగానే లెక్క తీరిందని కాఫీ కలుపుకునేదాన్ని. ఇంకో ఇరవై తీసే శక్తి కాళ్ళలో మిగిలే వుండేది. మూడు నెలల తరవాత పీటమీంచి లేవబోతే మళ్ళీ గోడే గతి! ఎన్ని తీశామన్నది కాదు, ఆపేసరికి ఇంకా ఎన్ని తియ్యగలం అన్నదే చూసుకోవాలి. "ఇక రెండో మూడో తప్ప నావల్ల కాదు" అనిపించేదాకా వెళ్ళాలి. ఆఖరి నాలుగైదు మార్లలోనే అసలు పని జరుగుతుంది.

తేలికకీ ఒక హద్దుంది. 2018లో బ్రెజిల్ దేశంవారు చేసిన పరీక్షలో, గరిష్ఠంలో అయిదో వంతు బరువుతో అలిసేదాకా చేసినా కండ బరువులతో పెరిగినంత పెరగలేదు. అంచేత మీరు ముప్ఫై, నలభై దాటి సునాయాసంగా చేస్తున్నారంటే ఇక బరువు చేర్చుకోవాలన్నమాట. ఎక్కువ మార్ల దారిలో ఇంకో చిక్కు కూడా వుంది. కండ అలిసేలోగా ఆయాసం వస్తుంది, తొడలు భగ్గుమంటాయి, మనసు ఆపెయ్యమంటుంది. బరువు దారి త్వరగా ముగుస్తుంది, కాని పొరపాటు చేస్తే నడుం పట్టేస్తుంది. నా సలహా ఏమిటంటే, ఎక్కువ మార్లతో మొదలుపెట్టి, కీళ్ళు అలవాటు పడ్డాక బరువుకి మారండి.

బరువులెత్తితే పహిల్వానుల్లా అయిపోతామని మీలో కొందరికి సందేహం రావచ్చు. మగవాళ్ళకి కండ అంతగా ఊరటానికి కారణమైన హార్మోను మనలో చాలా తక్కువ. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లేశ్వరి, 2000 సంవత్సరం సిడ్నీ ఒలింపిక్సులో 110, 130, వెరసి 240 కిలోలెత్తి కంచుపతకం తెచ్చింది. ఆ స్థితికి రావటానికి ఏళ్ళకేళ్ళు సాధన కావాలి. మనం బియ్యం సంచీ ఎత్తినంతమాత్రాన అదేం ముంచుకొచ్చెయ్యదు.

వయసైపోయిందనీ అనకండి. 1990లో బోస్టన్‌వారు ప్రకటించిన ఒక పరీక్ష వుంది. వృద్ధుల ఆశ్రమంలో 86 నుంచి 96 ఏళ్ళ వయసున్న పదిమంది చేత, ఎనిమిది వారాలు, తొడలకి బరువులే ఎత్తించారు. మన కుర్రాళ్ళకి చెప్పినట్టే, గరిష్ఠంలో 80 శాతం దాకా. పూర్తిచేసినవాళ్ళ కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే ఒక కిలో ఎత్తిన చోట దాదాపు రెండుముప్పావు. ఇద్దరైతే చేతికర్ర వదిలేసి నడిచారు. మా అత్తగారికి ఇది చదివి వినిపిస్తే, "వాళ్ళు దొరలమ్మా" అని ముఖం తిప్పుకున్నారు.

ఇక ఇంట్లో చేసే పద్ధతి. చేతుల్లేని గట్టి కుర్చీని గోడకి ఆనించండి. పాదాలు జానెడు ఎడంగా పెట్టి, చేతులు గుండెలమీద కట్టుకుని లేవండి. లేవటం కంటే కూర్చోవటం ముఖ్యం. దబ్బున కూలబడకుండా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ దిగాలి. చాలించాలనిపించేదాకా ఒక విడత. రెండు నిమిషాలు ఆగి మళ్ళీ, అలా మూడు విడతలు. ఇరవై దాటి తేలికైపోయిందా, రెండు కిలోల పొట్లం గుండెలకి హత్తుకోండి. తరవాత అయిదు కిలోలు. నేను మా అబ్బాయి పాత పుస్తకాల సంచీలో బియ్యం పొట్లాలు పోసి వీపుకి తగిలించుకుంటాను. గ్యాసుబండ జోలికి మాత్రం పోకండి, నిండు బండ 30 కిలోల చిల్లర వుంటుంది, అది కాళ్ళనొదిలి నడుంమీద పడుతుంది. ఓపికుంటే ఒక మెట్టు ఎక్కి దిగటం, కిటికీ చువ్వ పట్టుకుని మడమలెత్తటం కూడా చేర్చండి, పిక్కలకి మంచిది.

రోజూ అక్కర్లేదు. వారానికి రెండుసార్లు చాలు, మూడైతే మరీ మంచిది, మధ్య ఒకరోజైనా ఆగాలి. కండ పెరిగేది ఆ విశ్రాంతిలోనే. ఊపిరి బిగబట్టకండి, రక్తపోటు పెరుగుతుంది. పైకి లెక్కపెడుతుంటే ఊపిరి దానంతటదే ఆడుతుంది. గుండెజబ్బో రక్తపోటో వున్నవాళ్ళు డాక్టరునడిగి మొదలుపెట్టండి. మోకాలు నొచ్చేవాళ్ళు కుర్చీమీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి. తొడ మండటం సరే గాని, కీలులో పోటు వస్తే ఆపాలి.

ఇంకొక్క మాట. కండ గాలితో పెరగదు. పప్పు, పెరుగు, గుడ్డు, వేరుశనగలు, సెనగలు కడుపులో పడాలి. మనం ఏం చేస్తాం? అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన చారు, ఇంత పచ్చడి వేసుకుని అన్నం అయిందనిపిస్తాం. పప్పు మగవాళ్ళకీ పిల్లలకీ సరిపోయిందా అని చూసేదీ మనమే, మనకి మిగలకపోతే సరిపెట్టుకునేదీ మనమే. కసరత్తు మొదలుపెట్టే రోజున ముందు మీ కంచంలోకి పప్పు తీసి పక్కన పెట్టుకోండి. ఇంట్లో ఎవరన్నా ఏమన్నా అంటే రేడియోలో చెప్పారని నా పేరు చెప్పండి.

బరువు పద్ధతి పట్టాక రెండున్నర నెలలకి నేను పీటమీంచి చెయ్యి ఆన్చకుండా లేచాను. ఇప్పుడు అయిదు కిలోలతో పన్నెండు మార్లు నా లెక్క. మా అత్తగారు మొదట రెండు దిండ్లు వేసిన కుర్చీమీంచి, నా చెయ్యి పట్టుకుని, నాలుగంటే నాలుగే లేవగలిగారు. తరవాత ఒక దిండు తీసేశాం. సంక్రాంతికి రెండోదీ తీసేశాం. మొన్న గురువారం పదకొండోసారి లేచి నిలబడి, "నీ బియ్యం సంచీలో నాకో చిన్న పొట్లం పడెయ్యవే" అన్నారు. కిలో పొట్లం ఇచ్చాను. స్నానాల గది తలుపు గడియ ఆ వారంనుంచే మళ్ళీ పడుతోంది.