రెండంతస్తుల మెట్లు చాలు... మొదలెట్టడానికి!

శుక్రవారం సాయంత్రమైతే హమ్రియా సందుల నిండా జనమే. బంగ్లా, హిందీ, మలయాళం మాటల మధ్యలో 'ఏం తమ్మీ, మంచిగున్నవా' అని ఒక జగిత్యాల గొంతు, 'ఏమబ్బా, ఇంటికి డబ్బులేసినావా' అని ఒక రాయచోటి గొంతు, 'ఏవండోయ్' అని ఒక గోదావరి గొంతు వినపడతాయి. యాసలు వేరైనా, కాసేపు నిలబడి మాట్లాడుకుంటే అందరి మాటా ఒక్కచోటికే చేరుతుంది. ఒకరికి నడుం నొప్పి. ఒకరికి మోకాళ్లు పట్టేశాయి. ఇంకొకరికి డాక్టరు షుగర్ మొదలైందని చెప్పాడు.

ఊళ్లో ఉన్నప్పుడు మనమంతా పొలం గట్ల మీద నడిచినవాళ్లమే. కబడ్డీ ఆడినవాళ్లమే, చెరువులో ఈత కొట్టినవాళ్లమే. ఇక్కడికొచ్చాక డ్యూటీ, రూము, వంట, నిద్ర... ఇదే బతుకైపోయింది. కొందరు వచ్చిన కొత్తలో పొద్దున్నే నడిచేవారు. 2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల మత్రా విలాయత్‌ను మూసేసినప్పుడు హమ్రియా కూడా మూతపడింది. ఒక్కో రూములో అంతమందిమి బిక్కుబిక్కుమంటూ గడిపిన ఆ రోజుల్లో పోయిన అలవాటు చాలామందికి మళ్లీ రాలేదు.

ఇది ఒళ్లు బాగుండటానికి సంబంధించిన ముచ్చటే కాదు, ఇంటికి సంబంధించిన లెక్క కూడా. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అవిటితనం వచ్చినా ఇంటికి 10 లక్షల రూపాయలు ఇస్తారు. నిద్రలో గుండె ఆగిపోతే మాత్రం దాన్ని ప్రమాదం అనరు. ఊళ్లో అప్పు, పిల్లల ఫీజులు, కట్టాల్సిన ఇల్లు అన్నీ ఈ ఒక్క గుండె మీదే నడుస్తున్నాయి. దాన్ని చూసుకోవడం మనకు మనం చేసుకోవాల్సిన డ్యూటీ.

పొద్దంతా పనే కదా!

'పన్నెండు గంటలు చాకిరీ చేస్తున్నాం, మళ్లీ ఎక్సర్‌సైజా?' అని మనవాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. దీనికి సమాధానం లండన్ బస్సుల్లో మొదలవుతుంది.

లండన్‌లో రెండంతస్తుల బస్సులు. డ్రైవరు రోజంతా కూర్చుని ఉంటాడు. కండక్టరు టికెట్లు కొడుతూ కిందికీ పైకీ వందల మెట్లు ఎక్కి దిగుతుంటాడు. ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే తరగతి బతుకు. జెర్రీ మోరిస్ అనే డాక్టరు తన బృందంతో కలిసి వీళ్ల ఆరోగ్యాన్ని పరిశీలించి, 1953లో 'లాన్సెట్' పత్రికలో ఆ వివరాలు రాశాడు. డ్రైవర్ల కంటే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ. వచ్చినా ఆలస్యంగా వస్తోంది, వచ్చినవాళ్లలో చావులు కూడా తక్కువే. గుండెకు కదలిక ఎంత ముఖ్యమో లోకానికి గట్టిగా చెప్పిన తొలి పరిశోధనల్లో అది ఒకటి. వ్యాన్ నడిపే మన డ్రైవరన్నలు, మిషను ముందు కూర్చునే దర్జీలు, కౌంటర్లో ఉండే క్యాషియర్లు, గేటు దగ్గర కుర్చీలో ఉండే వాచ్‌మన్లు దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి.

మరి సిమెంటు మోసేవాళ్లు, స్టీలు కట్టేవాళ్లు? ఇక్కడే ఒక తిరకాసు ఉంది. ఎక్సర్‌సైజు అంటే కాసేపు గుండె వేగం పెరగాలి, తర్వాత విశ్రాంతి దొరకాలి. సైటు పనిలో బరువు మోస్తూ, వంగి, ఒకే భంగిమలో గంటల తరబడి ఉంటాం. బీపీ పెరిగి అలాగే ఉంటుంది, తేరుకోవడానికి వ్యవధి ఉండదు. డెన్మార్క్ పరిశోధకుడు ఆండ్రియాస్ హోల్టర్‌మన్ లాంటివాళ్లు చాలా ఏళ్లుగా చెబుతున్నది ఇదే... తీరిక వేళ చేసే కదలిక ఇచ్చినంత మేలు బరువు పని గుండెకు ఇవ్వకపోవచ్చని. దీని మీద శాస్త్రవేత్తల మధ్య ఇంకా చర్చ నడుస్తూనే ఉంది. కానీ ఒళ్లు హూనం కావడం, ఒళ్లు గట్టిపడటం ఒకటి కాదని మన నడుములే చెబుతున్నాయి కదా!

ఎంత చేయాలి?

జనవరి ఒకటిన జిమ్‌లో చేరి, ఫిబ్రవరికల్లా మానేసినవాళ్లు మన రూముల్లోనూ ఉన్నారు. పదేళ్లుగా కదలని ఒంటిని ఒక్కరోజులో ఐదు కిలోమీటర్లు పరుగెత్తిస్తే, మర్నాడు మంచం దిగలేం. మూడో రోజు 'మనవల్ల కాదులే' అనేస్తాం. తప్పు మనిషిది కాదు, మొదలెట్టిన తీరుది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు కదలిక కావాలి. రోజుకు చూస్తే కనీసం 22 నిమిషాలు. ఓ మోస్తరు అంటే... నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వీటితోపాటు వారానికి రెండు రోజులైనా కండరాలకు పని పెట్టాలి. అంతకుముందు 2010 నాటి సూచనల్లో ఒక్కోసారి కనీసం పది నిమిషాలైనా ఆపకుండా చేయాలని ఉండేది. 2020లో ఆ షరతు తీసేశారు. రెండు నిమిషాల మెట్లు, మూడు నిమిషాల నడక... అన్నీ లెక్కలోకి వస్తాయి. డ్యూటీ మధ్య దొరికే చిన్న చిన్న సందులే మన జిమ్ అన్నమాట!

రోజుకు పదివేల అడుగులు వేయాల్సిందేనా? ఆ అంకె డాక్టర్లు చెప్పింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి పెట్టిన అడుగుల మీటరు పేరులోంచి పుట్టింది. అమెరికాలో పెద్దవయసు ఆడవాళ్ల మీద జరిగిన పరిశోధన ఒకటి 2019లో వచ్చింది. అందులో రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ల కంటే 4,400 అడుగులు వేసేవాళ్లలోనే మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. ఆ మేలు 7,500 దగ్గర ఆగింది. కాబట్టి పదివేలు కాలేదని బెంగ వద్దు. నిన్నటి కంటే ఐదొందలు ఎక్కువైతే చాలు.

రోజులో ఎక్కడ ఇరికించాలి?

పొద్దున: నిద్ర లేవగానే బాత్‌రూము కోసం వరస తప్పదు కదా. ఆ నిలబడే సమయంలో మడమలు పైకెత్తి దించండి, పదిహేను సార్లు. పిక్కలు గట్టిపడతాయి, కాళ్లలో రక్తం కదులుతుంది.

మెట్లు: లిఫ్టు ఉన్న బిల్డింగుల్లో రెండంతస్తుల ముందే దిగి, మిగతావి ఎక్కండి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఎక్కడం కంటే దిగడం కష్టం. వాళ్లు మెట్లెక్కి, లిఫ్టులో దిగొచ్చు.

అన్నం తిన్నాక: ఇది అన్నిటికంటే ముఖ్యం. మనది అన్నం తిండి. డ్యూటీ నుంచి వచ్చి రాత్రి పదికి కడుపునిండా తిని, వెంటనే బంకెక్కి పడుకుంటాం. షుగర్ ఉన్నవాళ్ల మీద న్యూజిలాండ్‌లో చేసిన పరిశోధన 2016లో వచ్చింది. రోజులో ఎప్పుడో ఒకసారి అరగంట నడవడం కంటే, మూడు పూటలా తిన్నాక పదేసి నిమిషాలు నడిస్తే భోజనం తర్వాత షుగర్ సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాత మేలు ఇంకా ఎక్కువ. మూడు పూటలా కుదరకపోతే రాత్రి పూటైనా సందు చివరిదాకా వెళ్లి రండి.

ఇంటికి ఫోన్: రోజూ ఇంటితో మాట్లాడతాం. పడుకుని మాట్లాడే ఆ ఇరవై నిమిషాలు బిల్డింగు ముందు అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడండి. రోడ్డు దాటేటప్పుడు మాత్రం ఫోన్ జేబులో ఉండాలి.

సామాను: వారం సామాను ఒకేసారి ట్యాక్సీలో తెచ్చుకునే బదులు, చిన్నవి నడిచి తెచ్చుకోండి. హమ్రియా నుంచి రువీ నడిచి వెళ్లగలిగే దూరమే. రెండు చేతుల్లో సమానంగా బరువు పట్టుకుంటే నడుముకు మంచిది.

గుంజీలు గుర్తున్నాయా?

కండరాల కోసం డంబెల్స్ కొనక్కర్లేదు. బళ్లో మాస్టారు తీయించిన గుంజీలు గుర్తున్నాయా? అవే. చెవులు పట్టుకోనక్కర్లేదు! మోకాళ్లు మొరాయిస్తే కింది బంకు మీద కూర్చుని, చేతులు ఆనించకుండా లేవండి. ఎనిమిది సార్లు చాలు. మన తాతలు తీసిన దండీలు నేల మీద కష్టమైతే గోడకు చేతులానించి తీయండి. అవి తేలికయ్యాక వంట గట్టు మీదికి, ఆ తర్వాత నేల మీదికి దిగొచ్చు.

ఇళ్లల్లో పనిచేసే అక్కలకు బయటికెళ్లే వీలుండదు. మేడ మెట్లు, వంటగది గోడ, అన్నం ఉడికేలోపు దొరికే ఐదు నిమిషాలు... ఇవే వాళ్లవి. రోజంతా వంగి తుడిచేవాళ్లు ముందుకు వంగే ఎక్సర్‌సైజులు పెట్టుకోకూడదు. నడుం మీద చేతులు పెట్టుకుని నెమ్మదిగా వెనక్కి వాలండి, భుజాలు వెనక్కి తిప్పండి. సైటులో బరువులు మోసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. వాళ్లకు కావలసింది ఇంకో బరువు కాదు... తీరిగ్గా పదిహేను నిమిషాల నడక, ఒళ్లు సాగదీయడం, కంటినిండా నిద్ర. డ్రైవరన్నలు బండి ఆపిన ప్రతిసారీ దిగి, బండి చుట్టూ రెండు రౌండ్లు వేయాలి. దర్జీలు ప్రతి అరగంటకోసారి లేచి నిలబడాలి.

ఎండతో పంతం వద్దు

మస్కట్ ఎండ మన రోహిణి కార్తె లాంటిది కాదు. 2018 జూన్‌లో ఇక్కడికి దగ్గర్లోని ఖురియాత్‌లో ఒక రోజంతా ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కంటే కిందికి దిగలేదు. అర్ధరాత్రి కూడా అంతే! జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 వరకు బయట ఎండలో పని చేయించకూడదని ఒమన్‌లో నిబంధన ఉంది. పనికే వద్దన్న వేళ నడకకు అసలే వద్దు. ఎండాకాలంలో తెల్లవారకముందు నడవండి, లేదంటే మెట్లు, గది లోపలి ఎక్సర్‌సైజులతో సరిపెట్టుకోండి. సెలవు మీద ఊరెళ్లి వచ్చినవాళ్లకు ఒళ్లు ఇక్కడి వేడికి మళ్లీ అలవాటు కావడానికి ఒకటి, రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో పంతం వద్దు. మూత్రం ముదురు పసుపులో వస్తుంటే నీళ్లు చాలలేదని అర్థం. తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా వెంటనే ఆపి నీడకు రండి.

నాలుగు వారాల లెక్క

మొదటి వారం: రాత్రి అన్నం తిన్నాక ఐదు నిమిషాల నడక. అంతే. ఇంకా చేయగలమనిపించినా ఆగండి.

రెండో వారం: నడక పది నిమిషాలు. దానికి తోడు రోజుకు రెండంతస్తుల మెట్లు.

మూడో వారం: నడక పదిహేను నిమిషాలు. వారానికి రెండు రోజులు ఎనిమిది గుంజీలు, ఎనిమిది గోడ దండీలు.

నాలుగో వారం: నడక ఇరవై నిమిషాలు, మధ్యలో రెండు నిమిషాలు జోరుగా.

ఒకరోజు తప్పితే ఫర్వాలేదు. ఓవర్‌టైం ఉంటుంది, జ్వరం వస్తుంది. వరసగా రెండో రోజు తప్పకుండా చూసుకుంటే చాలు. రంజాన్‌లో ఉపవాసం ఉండే సోదరులు ఇఫ్తార్ అయ్యాక నడవొచ్చు.

వీటిని తేలిగ్గా తీసుకోవద్దు

నడుస్తుంటే ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఊపిరాడకపోవడం... వీటిని గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవద్దు. వెంటనే కూర్చోండి, పక్కవాళ్లకు చెప్పండి, 9999కి ఫోన్ చేయించండి. షుగర్‌కు ఇన్సులిన్ గానీ, మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు జేబులో రెండు చాక్లెట్లో, చక్కెర పొట్లమో పెట్టుకోవాలి. నలభై దాటినవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవాళ్లున్నవారు జోరు పెంచే ముందు ఒకసారి డాక్టరుకు చూపించుకోవాలి. నడుం కొలత కూడా చూసుకోండి. మన దేశపు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే హెచ్చరిక కిందే లెక్క.

తోడుంటే తప్పదు

ఒక్కడే అయితే దుప్పటి లాక్కుని పడుకుంటాడు. పక్క బంకులో ఉన్నవాడు 'పద అన్నా' అంటే లేవక తప్పదు. అందుకే రూముకు ఇద్దరు జట్టు కట్టండి. చలికాలం వచ్చాక ఒక శుక్రవారం పొద్దున్నే మత్రా కార్నిష్‌కు వెళ్లండి. పక్కన సముద్రం, చదునైన దారి, పైసా ఖర్చు లేదు. కాళ్లకు బలం వచ్చినవాళ్లకు రియాం నుంచి మత్రా దాకా కొండల్లో పాత కాలిబాట ఉంది. రాళ్ల మీద వేసిన తెలుపు, పసుపు, ఎరుపు రంగులు దారి చూపిస్తాయి. గట్టి బూట్లు, చేతిలో నీళ్లు, పక్కన ఒక తోడు లేకుండా మాత్రం ఎక్కొద్దు.

ఏదో ఒకరోజు వీసా క్యాన్సిల్ చేసుకుని అందరం ఇంటికి పోవాల్సినవాళ్లమే. సంపాదించింది అనుభవించడానికి కాళ్లూ చేతులూ గుండె కూడా మనతో రావాలి. ఈ రాత్రి అన్నం తిన్నాక ఐదు నిమిషాలు... పద అన్నా, నడుద్దాం!