లెక్కకు రాని హోరు

ముందుగా రెండు అంకెలు: 14 శాతం, 2 శాతం. బయట ఏ శబ్దమూ లేకున్నా చెవిలో గుయ్యిమనో, ఈల వేసినట్టో, మిల్లు తిరుగుతున్నట్టో మోత వినిపించడాన్ని వైద్యులు టిన్నిటస్ అంటారు. ‘చెవుల ఒకటే సప్పుడు’ అని చెప్పుకునేది దీని గురించే. 2022లో ‘జామా న్యూరాలజీ’ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసింది. పెద్దవాళ్లలో సుమారు 14 శాతం మందికి ఈ మోత అనుభవమేనని, 2 శాతం మందికి అది తీవ్రమైన బాధగా మారిందని లెక్కగట్టింది. ప్రపంచం మొత్తం మీద మోత విన్నవాళ్లు 74 కోట్లకు పైమాటే. దానితో నలిగిపోతున్నవాళ్లు 12 కోట్లకు పైనే.

ఆ లెక్కను మన మూడు జిల్లాలకు తెచ్చుకుందాం. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ నుంచి విడివడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో 2011 జనగణన నాటికే జనం 20 లక్షలు దాటారు. వారిలో 18 ఏళ్లు నిండినవారు 13 లక్షలని పెట్టుకుంటే, 14 శాతం అంటే లక్షా 80 వేల మంది. 2 శాతం అంటే 26 వేల మంది. ఇది ఇంటింటికీ తిరిగి రాసుకున్న సంఖ్య కాదు, త్రైరాశికం వేసి తేల్చింది. అయినా ఇందులో సగమే నిజమనుకున్నా, 13 వేల ఇళ్లలో ఒక్కొక్కరికి రాత్రి సరిగా నిద్ర లేదన్నమాట. ఈ కథనం ఆ మనుషుల గురించి.

14కూ 2కూ మధ్య ఉన్న దూరమే అసలు విషయం. 1953లో అమెరికాలో హెల్లర్, బెర్గ్‌మన్ అనే పరిశోధకులు వినికిడి బాగున్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో ఐదు నిమిషాలు కూర్చోబెట్టారు. ఏదో ఒక శబ్దం వినబడిందని 94 శాతం మంది చెప్పారు. అంటే పూర్తి నిశ్శబ్దంలో పెడితే దాదాపు అందరి తలలోనూ ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. మామూలుగా మెదడు దాన్ని పట్టించుకోదు. కొందరిలో మాత్రం వదిలిపెట్టలేకపోతుంది. జబ్బు మొదలయ్యేది అక్కడే.

ఎందుకలా? లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా ఉంటుంది. విప్పి చాపితే 35 మిల్లీమీటర్లు. అందులో శబ్దాన్ని పట్టే రోమకణాలు లోపలి వరుసలో సుమారు 3,500, బయటి వరుసల్లో సుమారు 12,000. ఇవి పుట్టుకతో వచ్చినవే. ఒకసారి చచ్చిన కణం మనిషిలో మళ్లీ మొలవదు. పెద్ద శబ్దానికి మొదట దెబ్బతినేది సాధారణంగా 4,000 హెర్ట్జ్ దగ్గరి కణాలు. మనం మాట్లాడే మాటల్లో ఎక్కువ భాగం అంతకంటే కింది స్థాయిలో ఉంటుంది కాబట్టి ‘నాకు బాగానే వినబడుతుంది’ అనుకుంటూ ఏళ్లు గడిచిపోతాయి. ఈలోగా ఆ భాగం నుంచి అందాల్సిన సంకేతం తగ్గిపోయి, మెదడు తన వైపు నుంచి వాల్యూమ్ పెంచుకుంటుంది. స్టేషన్ దొరకని రేడియోకు శబ్దం పెంచితే ఏం వస్తుంది? ఒట్టి హోరు. పరిశోధకుల్లో ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇది.

మరి ఈ నేల మీద ఆ కణాలకు దెబ్బ ఎక్కడ తగులుతుంది? రైస్ మిల్లుల్లో, పత్తి జిన్నింగ్ మిల్లుల్లో, వేరుశనగ కాయలు ఒలిచే యంత్రాల దగ్గర, కంకర క్రషర్ల దగ్గర, బోరు బండ్ల వెనక. క్యాబిన్ లేని ట్రాక్టర్ మీద దుక్కి దున్నినన్నాళ్లూ ఇంజన్ మోత చెవి పక్కనే. పాలమూరు లేబర్ పేరు దేశమంతా తెలుసు. గుంపు మేస్త్రీల వెంట వెళ్లి ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు, బండలు పగలగొట్టారు. ఒక తరం వాళ్లు సమ్మెటలతో కొడితే, తరవాతి తరం చేతికి కంప్రెషర్ డ్రిల్లు వచ్చింది. ఇక్కడి ప్రాజెక్టులే చూడండి. నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట వైపు నుంచి తవ్వుతూ వచ్చిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం పొడవు దాదాపు 44 కిలోమీటర్లు. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకు నార్లాపూర్, ఏదుల, వట్టెం దగ్గర ఒక్కొక్కటి 145 మెగావాట్ల పంపులు పెట్టడానికి కొండల్లో సొరంగాలు తొలిచారు. ఎన్ని లక్షల క్యూబిక్ మీటర్ల రాయి తీశారో, ఎన్ని వేల టన్నుల సిమెంటు పోశారో ప్రాజెక్టు రికార్డుల్లో ఉంటుంది. ఆ రాయి తొలిచినవాళ్ల చెవుల లెక్కకు అలాంటి రికార్డు నాకెక్కడా కనబడలేదు.

చట్టం ఒక హద్దు గీసింది. ఫ్యాక్టరీల చట్టం కింద రూపొందిన నమూనా నిబంధనలు 90 డెసిబెల్స్ మోతలో 8 గంటల పనిని అనుమతించాయి. అక్కణ్నుంచి ప్రతి 5 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 95 అయితే 4 గంటలు, 100 అయితే 2 గంటలు. 115 దాటితే ఒక్క క్షణం కూడా కూడదు. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సూచించే హద్దు ఇంకా కఠినం. అక్కడ 8 గంటలకు 85 డెసిబెల్స్ మాత్రమే, ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగం. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపు అవుతుంది కాబట్టి ఈ లెక్క భౌతికశాస్త్రానికి దగ్గరగా ఉంటుంది. దాని ప్రకారం 100 డెసిబెల్స్ దగ్గర చెవికి ఉన్న గడువు 15 నిమిషాలే. ఒకే శబ్దానికి మన నిబంధన 2 గంటలిస్తే, ఈ హద్దు పావుగంట ఇస్తోంది. కంప్రెషర్ డ్రిల్లు 100 డెసిబెల్స్‌ను సులువుగా దాటుతుంది.

పని దగ్గరి మోత చాలదన్నట్టు పెళ్లి బరాత్‌లో డీసీఎం మీద డీజే, వినాయక నిమజ్జనంలో డీజే, ట్రాక్టర్ మీద కూడా సౌండ్ బాక్సులే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటొద్దన్నాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదన్నాయి. హైదరాబాద్ పోలీసులు 2024లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఊళ్లలో శబ్ద నిబంధనలు అమలు కావాలంటే ఎవరో ఒకరు ఫిర్యాదు చేయాలి. పక్కింటి పెళ్లి మీద ఫిర్యాదు చేసి ఆ ఊళ్లోనే బతకడం ఎంత కష్టమో పల్లె మనిషికి వేరే చెప్పక్కర్లేదు.

ఇక బాధను కొలిచే సంగతి. చెవిలో మోత ఎంత పెద్దదో తెలుసుకోవడానికి ఆడియాలజిస్టులు బయటి నుంచి ఒక శబ్దం వినిపించి, ‘మీ మోత ఇంత ఉందా?’ అని పోల్చి చూస్తారు. చాలామందిలో ఆ కొలత వాళ్ల వినికిడి హద్దు కంటే 5 నుంచి 15 డెసిబెల్స్ మాత్రమే పైన తేలుతుంది. ఇంత చిన్న అంకె చూసి ఇంట్లోవాళ్లు, ఒక్కోసారి వైద్యులు కూడా, ‘ఇదేం పెద్ద విషయం’ అనేస్తారు. కానీ మోత పెద్దగా ఉన్నంత మాత్రాన బాధ పెద్దదని గానీ, చిన్నగా ఉంటే బాధ చిన్నదని గానీ లేదని పరిశోధనలు పదే పదే చూపించాయి. 24 గంటలూ ఆగని చిన్న శబ్దం నుంచి మనిషి లేచి పక్క గదిలోకి పోలేడు.

అందుకే 1996లో న్యూమన్, జేకబ్సన్, స్పిట్జర్ అనే ముగ్గురు 25 ప్రశ్నల పట్టిక తయారుచేశారు. దాని పేరు టిన్నిటస్ హ్యాండిక్యాప్ ఇన్వెంటరీ. అవునంటే 4, ఒక్కోసారి అంటే 2, కాదంటే 0. మొత్తం 100. 16 దాకా లెక్క చేయనక్కర్లేదు, 36 దాకా స్వల్పం, 56 దాకా మధ్యస్థం. 58 నుంచి 76 దాకా తీవ్రం, 78 నుంచి పైన అతి తీవ్రం. మోత ఎలా ఉందన్నది ఈ ప్రశ్నలకు ముఖ్యం కాదు. దానివల్ల మనసు నిలుస్తుందా, నిద్ర పడుతుందా, కోపం వస్తోందా, ఇంట్లోవాళ్లతో గొడవలవుతున్నాయా, తప్పించుకునే దారి లేదనిపిస్తోందా అని అడుగుతాయి.

ఆ ప్రశ్నలను ఇక్కడి రోజుతో కలిపి చదివితే తీవ్రమైన టిన్నిటస్ అంటే ఏమిటో తెలుస్తుంది. పగలు మార్కెట్ యార్డులో, బస్టాండులో, పొలంలో చుట్టూ ఉన్న శబ్దాల్లో అది కొంత మునిగిపోతుంది. పొద్దుగూకి ఊరు సద్దుమణిగాక పైకి తేలుతుంది. ఎండాకాలం రాత్రి ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ కాస్త కునుకు పడుతుంది. కరెంటు పోయిందంటే అందరికీ ఉక్కపోత, ఈ మనిషికి మాత్రం ఉక్కపోతతో పాటు చెవిలో మిల్లు. మూడు గంటల నిద్రతో తెల్లవారి పనిలోకి పోతే చెప్పింది గుర్తుండదు. సెల్‌ఫోన్లో అవతలివాళ్ల మాట సగమే అర్థమవుతుంది, మిగతా సగం ఊహించుకోవాలి. స, ష, త, క వంటి హల్లులు పై స్థాయి శబ్దాలు కాబట్టి మొదట జారిపోయేవి అవే. కొందరికి పెద్ద శబ్దం అసలు భరించరానిదవుతుంది. స్టీలు గిన్నె కింద పడినా తల పగిలినట్టుంటుంది. మనవడు అరిస్తే కసురుకుంటారు, తరవాత బాధపడతారు. పెళ్లిళ్లకు పోవడం మానేస్తారు. ఏళ్ల తరబడి పక్కన పడుకున్న మనిషి కూడా ఆ శబ్దం వినలేదు. అందుకే ‘లేనిది ఊహించుకుంటున్నావు’ అన్న మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. చెప్పుకోవడం అక్కడితో ఆగిపోతుంది. దిగులు, ఆందోళన మోతను పెంచుతాయి, పెరిగిన మోత దిగులును పెంచుతుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ అనుకుందాం. 25 ఏళ్లు మిల్లులో పనిచేసిన ఒక హమాలీకి ఆ 25 ప్రశ్నల్లో 64 వచ్చాయి. అంటే తీవ్రం. ఆడియోగ్రామ్‌లో మాటల స్థాయి వినికిడి లోపం 35 డెసిబెల్స్ తేలింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ లోపం ఉంటేనే వినికిడి లోపం ఉన్నవారు. 64ను రాసుకునే గడి వైకల్య ధ్రువపత్రంలో లేదు. 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం లేకపోతే కేంద్రం ఎడిప్ పథకం కింద ఉచితంగా ఇచ్చే వినికిడి యంత్రం రాదు. ఇందులో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఏమిటంటే, స్వల్ప వినికిడి లోపంతో పాటు టిన్నిటస్ ఉన్నవారికి వైద్యులు మొదట సూచించే సాధనాల్లో ఆ యంత్రమే ఒకటి. బయటి శబ్దాలు మళ్లీ బాగా అందితే లోపలి మోత వెనక్కి తగ్గుతుంది. అమెరికాలో మాజీ సైనికులకు సేవాకాలంలో వచ్చిన వైకల్యాల జాబితాలో టిన్నిటస్ మొదటి స్థానంలో ఉంది. దానికి విడిగా 10 శాతం రేటింగ్ ఇచ్చి భత్యం చెల్లిస్తారు. మన చట్టం పెద్ద శబ్దాల వల్ల వచ్చే చెవుడును వృత్తి వ్యాధిగా ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లోనే గుర్తించింది. కానీ మోత ఆ చెవుడుకు తోబుట్టువన్న సంగతి మన కాగితాల్లోకి ఇంకా రాలేదు.

వైద్యం ఉందా అంటే, మోతను పూర్తిగా ఆపే మందు ఇప్పటిదాకా లేదు. ఇది నిజాయితీగా చెప్పాల్సిన మాట. ఎందుకంటే లేని మందు కోసం చాలామంది అప్పులు చేసి తిరుగుతారు. 2014లో అమెరికా ఈఎన్‌టీ వైద్యుల అకాడమీ ఇచ్చిన మార్గదర్శకాలు జింకో బైలోబా, మెలటోనిన్, జింక్ వంటివి టిన్నిటస్ కోసం సూచించవద్దన్నాయి. బాధను తగ్గించే దారులు మాత్రం ఉన్నాయి, వాటికి సాక్ష్యాలూ ఉన్నాయి. మోత పట్ల భయాన్ని, ఆలోచనలను మార్చే సీబీటీ అనే కౌన్సెలింగ్ పద్ధతి మీద 28 అధ్యయనాలను, 2,733 మందిని 2020లో కాక్రేన్ సమీక్ష పరిశీలించింది. ఏ చికిత్సా లేనివారితో పోలిస్తే 25 ప్రశ్నల పట్టికలో స్కోరు సుమారు 11 పాయింట్లు తగ్గిందని తేల్చింది. రోజువారీ బతుకులో తేడా తెలియడానికి 7 చాలు. మన హమాలీ 64 నుంచి 54కు దిగితే తీవ్రం నుంచి మధ్యస్థంలోకి వస్తాడు. మోత ఉంటుంది, నిద్ర మాత్రం తిరిగి వస్తుంది. రాత్రిపూట మరీ నిశ్శబ్దంగా పడుకోకుండా ఫ్యానో, కూలరో, ఫోన్లో వాన చప్పుడో సన్నగా పెట్టుకోవడం కూడా పనికొస్తుంది. అది మోతను మింగేసేంత పెద్దగా ఉండనక్కర్లేదు.

కొన్ని సందర్భాల్లో మాత్రం ఆగకూడదు. 72 గంటల లోపు ఒక చెవి హఠాత్తుగా మందగించి మోత మొదలైతే అది అత్యవసరం. స్టెరాయిడ్లు మొదటి రెండు వారాల్లోపే మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మంచిది. మోత గుండె కొట్టుకున్నట్టు లయగా ఉన్నా, ఒకే చెవిలో ఉన్నా, కళ్లు తిరుగుతున్నా ఈఎన్‌టీ వైద్యుడు చూడాల్సిందే. చెవిలో గుబిలి పేరుకున్నా మోత వస్తుంది, తీయిస్తే పోతుంది, దాన్ని పుల్లతో కెలకొద్దు. జెంటామైసిన్, అమికాసిన్ వంటి ఇంజెక్షన్లు లోపలి చెవిని దెబ్బతీయగలవు కాబట్టి, ఊళ్లో ఎవరైనా సూది వేస్తుంటే అదేమిటో అడిగి తెలుసుకోవాలి.

ఎక్కడికి పోవాలి? ఒకప్పుడు హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి, లేదంటే గద్వాల, అలంపూర్ వాళ్లకు దగ్గర్లోని కర్నూలు పెద్దాస్పత్రి. ఇప్పుడు వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఆ 25 ప్రశ్నలను మన యాసలో అడగగలిగే ఒక మనిషిని, ఒక ఆడియోమెట్రీ గదిని, కౌన్సెలింగ్‌కు వారంలో ఒక పూటను ఈ మూడు చోట్లా కేటాయించడానికి కొత్త భవనం అక్కర్లేదు. ఒక రైస్ మిల్లు యజమాని తన హమాలీలకు స్పాంజి ఇయర్ ప్లగ్‌లు కొనివ్వడానికి జతకు పది ఇరవై రూపాయలు చాలు. చెవిలో మోతతో నిద్ర లేక బతకడమే బరువనిపిస్తున్నవారు 14416కు ఫోన్ చేయవచ్చు. అది టెలి మానస్ ఉచిత నంబరు. రాత్రి ఎన్ని గంటలకైనా తెలుగులోనే మాట్లాడవచ్చు.