మీకు తెలుసా? విలన్ అసలు వృత్తి వ్యవసాయం

రాజనాల కత్తి దూసినా, రావు గోపాలరావు తాపీగా నాలుగు మాటలన్నా హాల్లో ఉన్నవాళ్లందరికీ విలన్ ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. చదువుకోని అవ్వ కూడా ‘వాడు విలనే’ అని తేల్చేస్తుంది. మనం అంతగా సొంతం చేసుకున్న ఈ మాటకు పుట్టినప్పుడు దుర్మార్గంతో ఏ సంబంధమూ లేదు. విలన్ అంటే పొలం పని చేసుకునే పల్లెటూరి మనిషి.

లాటిన్‌లో విల్లా అంటే పొలాలు, పశువుల కొట్టాలు, గాదెలు, మధ్యలో యజమాని ఇల్లు, అన్నీ కలిసిన పెద్ద కమతం. దాన్ని అంటిపెట్టుకుని బతికేవాడు విల్లానుస్. ఈ మాటే ఫ్రెంచివాళ్ల నోట పడి అరిగి, 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక వాళ్లతోపాటు ఆ దేశం చేరింది. విలేజ్ అన్న మాటదీ ఇదే వేరు. కోకాపేటలో కోట్లు పోసి కొంటున్న విల్లాదీ అంతే. ఇంటికి మాత్రం పరువు పెరిగింది, అందులో చాకిరీ చేసినవాడికే చెడ్డపేరు మిగిలింది.

నార్మన్ రాజు విలియం 1086లో ఇంగ్లండు భూముల్లో చాలా భాగానికి లెక్క తీయించాడు. డూమ్స్‌డే బుక్ అంటారు దాన్ని. అందులోకి ఎక్కిన జనంలో నూటికి నలభై మంది ఈ విల్లానులే. వీళ్లకు దిగువన గుడిసె, చారెడు నేల మాత్రమే ఉన్నవాళ్లున్నారు. వాళ్లకూ దిగువన బానిసలున్నారు. అంటే అప్పటికి విల్లాను ఊళ్లో ఓ మోస్తరు రైతే, అలగా మనిషేమీ కాదు. ఆ తర్వాతి నూటపాతిక ఏళ్లలో న్యాయస్థానాలు అతని చుట్టూ ఉచ్చు బిగించాయి. దొర మీద భూమి తగాదాతో రాజుగారి కోర్టుకెక్కే హక్కు అతనికి లేదన్నాయి.

బతుకు ఎలా ఉండేదంటే, వారంలో రెండు మూడు రోజులు దొర పొలంలో కూలి లేని పని. కోతల కాలంలో అది ఇంకా పెరిగేది. తన చేను పండి రాలిపోతున్నా ముందు దొర చేను కోయాలి. తెలంగాణ వాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు, వెట్టి అంటే చాలు. కూతురి పెళ్లి చేయాలంటే దొరకు రుసుము కట్టాలి. పిండి దొర మరలోనే ఆడించుకోవాలి, అందులో కొంత మర కూలి కింద వదులుకోవాలి. ఇంటాయన చచ్చిపోతే కొట్టంలో ఉన్నవాటిలో మేలైన పశువును దొర మనుషులు తోలుకుపోయేవారు. దాని తర్వాత మేలైనది చాలాచోట్ల చర్చి ఫాదరీకి వెళ్లేది. ఉన్నవే రెండు ఎద్దులైతే ఆ విధవరాలు మరుసటి ఏడు దుక్కి ఎలా దున్నించుకుందో ఏ లెక్కల పుస్తకమూ రాయలేదు.

తప్పించుకునే దారి లేకపోలేదు. పారిపోయి, ప్రత్యేక హక్కులున్న ఏదైనా పట్నంలో ఏడాదీ ఒక రోజూ దొరకకుండా ఉండగలిగితే చాలాచోట్ల అతన్ని స్వతంత్రుడిగా ఒప్పుకునేవారు.

ఇలాంటివాడి పేరు తిట్టుగా ఎందుకు మారింది? కారణం పెద్ద రహస్యమేం కాదు. రాతలు రాసేవాళ్లు కోటల్లోనూ మఠాల్లోనూ ఉన్నారు, పొలాల్లో ఉన్నవాడికి రాయడం రాదు. మధ్యయుగపు ఫ్రెంచి కథల్లో సభ్యత తెలిసినవాడు కోటలో ఉంటాడు, తెలియని మొరటువాడు పల్లెలో ఉంటాడు. తక్కువ పుట్టుక, దాంతో మొరటు నడవడి, దాంతో నీచబుద్ధి, చివరికి నేరం. ఒక్కో మెట్టే దిగింది మాట. నార్నియా కథలు రాసిన సి.ఎస్. లూయిస్ 1960లో ఇంగ్లిషు మాటల మీద ‘స్టడీస్ ఇన్ వర్డ్స్’ అనే పుస్తకం వేశాడు. హోదాను చెప్పే మాటలు మెల్లగా గుణాన్ని చెప్పే మాటలైపోవడం గురించి అందులో వివరించాడు. నోబుల్, జెంటిల్, జెనరస్ మూడూ మొదట పెద్దింట పుట్టినవాడు అనే చెప్పేవి. ఇప్పుడు ఉదాత్తుడు, మృదుస్వభావి, దాత అయ్యాయి. కింది వరసలో వ్యవహారం తిరగబడింది. నేవ్ అంటే కుర్రాడు, చివరికి మోసగాడయ్యాడు. బూర్ అంటే రైతు, మర్యాద తెలియని మొద్దయ్యాడు. ఎవరి చేతిలో నిఘంటువు ఉంటే వాళ్లింట్లో మంచితనం పుట్టిందన్నమాట.

1348లో ఇంగ్లండులో ప్లేగు దిగి జనాన్ని ఊడ్చేసింది. పనివాళ్లు కరువై కూలి రేట్లు పెరిగాయి. వాటిని పెరగనివ్వకుండా 1351లో చట్టం తెచ్చారు. ఆ పైన తలపన్ను. 1381లో ఎసెక్స్, కెంట్ పల్లెలు ఒక్కసారిగా లేచాయి. లేచినవాళ్లు చాలాచోట్ల మొదట చేసిన పని దొరల రికార్డులను రచ్చబండ మీదికి లాగి తగలబెట్టడం. ఎవడు ఎవడికి కట్టుబడి ఉన్నాడో రాసి ఉండేది ఆ తోలు చుట్టల్లోనే. జూన్ 14న మైల్ ఎండ్ దగ్గర పద్నాలుగేళ్ల రాజు రెండో రిచర్డ్ ఈ కట్టుబానిసత్వం రద్దు చేస్తానని వాళ్లకు పత్రాలు రాయించి ఇచ్చాడు. మర్నాడే స్మిత్‌ఫీల్డులో వాళ్ల నాయకుడు వాట్ టైలర్‌ను రాజు మనుషులు చంపేశారు. జులై మొదటికల్లా ఆ పత్రాలు చెల్లవని ప్రకటించేశారు. తిట్టు తగిలించడానికి ఎవరు తగినవారో ఈ మూడు వారాల కథ విన్నాక మీరే చెప్పండి.

కాలక్రమంలో రాతలో రెండు మాటలయ్యాయి. ఇంగ్లిషు చరిత్ర పుస్తకాల్లో కట్టుబడి రైతుకు ఒక అక్షరం మార్చి విలెయిన్ అని రాస్తారు, దుర్మార్గుడికి విలన్ అని. షేక్‌స్పియర్ నాటికి రెండు అర్థాలూ ఇంకా జనం చెవిలో ఉన్నాయి. ‘యాజ్ యు లైక్ ఇట్’ మొదటి రంగంలో అన్న తమ్ముణ్ణి విలన్ అని తిడతాడు. తమ్ముడు తాను దుర్మార్గుణ్ణి కానని వాదించడు, ఫలానా పెద్దమనిషి కొడుకునంటూ పుట్టుక చెప్పుకుంటాడు. మాటలోని చమత్కారం అక్కడే ఉంది. కట్టుబడి రైతులు అప్పటికి దాదాపు కనుమరుగయ్యారు. రాజభూముల్లో మిగిలిన కొందరికి డబ్బు కట్టించుకుని విముక్తి ఇవ్వమని 1574లో ఎలిజబెత్ రాణి ఆజ్ఞ ఇచ్చింది. విడుదలకూ రుసుమే!

ఆ తర్వాత మాట నాటకాల్లో స్థిరపడి, నాయకుడికి ఎదురు నిలిచే పాత్ర పేరైంది. సినిమాతోపాటు మన దగ్గరికీ వచ్చింది. ఇక్కడే నాకు ముచ్చటేసే సంగతొకటుంది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ తీశాడు, జమీందార్లకు ఒళ్లు మండింది. 1955లో ‘రోజులు మారాయి’ వచ్చింది, అందులోనూ కౌలురైతుల పక్షమే. ఆ తర్వాత ‘మా భూమి’ తెలంగాణ రైతు పోరాటాన్ని తెర మీదికి తెచ్చింది. ఇంగ్లండు ఎస్టేటు దొరలు తమ రైతును తిట్టడానికి వాడిన ఆ మాటనే మన ప్రేక్షకులు ఈ సినిమాల్లో దొరకు తగిలించారు.