'అపవాది' శబ్దము - ప్రకటన గ్రంథయుద్ధము

విమానాశ్రయముచేతఁ బ్రసిద్ధికెక్కిన శంషాబాదు పేర 2017వ సంవత్సరమున సిరో మలబారు క్రైస్తవశాఖవారి మేత్రాసన మొకటి స్థాపింపఁబడినది. వీరి సంప్రదాయమునకు మూలభాష సురియానీ. ఆ భాషయందలి ప్రాచీన బైబిలు పాఠమగు పెషిత్తాలో మొదటఁ బ్రకటన గ్రంథము లేదు. అయినను నా గ్రంథమున దేవునితోఁ బోరు శత్రువునకు సురియానీయందును దెలుఁగునందును గల పేళ్లు రెండు నొక్క యర్థమునే తెలుపుట విచారింపఁదగియున్నది.

ఈ గ్రంథము క్రీ. శ. మొదటి శతాబ్దాంతమున రచితమని పలువురు పండితుల మతము. ఇందుఁ బండ్రెండవ యధ్యాయమున మిఖాయేలు తన దూతలతోఁ గూడి ఘటసర్పముతోఁ బోరును. సర్పము భూమికిఁ బడఁద్రోయఁబడును. ఇది దేవాసుర సంగ్రామమువంటిదే యని చదువరులు తలంతురు. శబ్దములు వేఱుమార్గమును జూపుచున్నవి.

హీబ్రూభాషలో 'సాతాను' అనఁగా నెదిరి. యోబు గ్రంథమున నతఁడు దేవసభలో నభియోగము తెచ్చువాఁడు. గ్రీకునందలి 'దియాబొలొస్' అనఁగా నిందకుఁడు. సురియానీయందలి 'ఆకెల్ కర్సా' అనుటకు ముక్కలు తినువాఁడని యవయవార్థము, కొండెగాఁడని రూఢి. తెలుఁగు బైబిలులోని 'అపవాది' అపపూర్వక వదధాతువుపై ణిని ప్రత్యయము రాఁగా నేర్పడినది. తాచ్ఛీల్యార్థమునఁ గొన్నచో నిందించుటయే స్వభావముగాఁ గలవాఁడని తాత్పర్యము. అహోరాత్రములు నేరము మోపువాఁడని యా యధ్యాయమే చెప్పుచున్నది. ఉత్సర్గమును బాధించు వ్యాకరణాపవాద మిచ్చటఁ గొనరాదు.

ఇట్లు గ్రహించినచో, విశ్వాసులు గొఱ్ఱెపిల్ల రక్తముచేతను దమ సాక్ష్యముచేతను శత్రువును జయించి రనుట పొసఁగును. వారిచేత ఖడ్గము లేదు. అభియోగమునకుఁ బ్రాణభయము విడిచి పలికిన సాక్ష్యమే ప్రత్యుత్తరము. 'అపవాది' యనఁగా దయ్యమని మాత్రమే బోధించు నుపాధ్యాయుఁడు యుద్ధమును జూపి యాయుధమును దాఁచినవాఁ డగును.