తెరమీద దొంగ దండోరా

మా మావయ్యది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నాలుగెకరాల కొబ్బరితోట. పూర్వం కాయ ధర తెలుసుకోవాలంటే మార్కెట్టుకు మనిషిని పంపేవారు. ఇప్పుడు అరుగుమీద కూర్చుని ట్యాబులో చూసుకుంటారు. కిందటి వేసవిలో అలా చూస్తూండగా తెరంతా ఎర్రబడి, ట్యాబు గుర్రుమని వణికి, "మీ పరికరంలో 13 వైరస్‌లు ఉన్నవి. రెండు నిమిషాలలో బ్యాంకు వివరాలు పోవును. వెంటనే ఈ నంబరుకు ఫోను చేయుడు" అని ప్రకటన వెలిసింది. కింద అంకెలు వెనక్కి లెక్కపెడుతున్నాయి. మావయ్య ఫోను చేశారు. అవతలి మనిషి "సార్, కంగారు పడకండి" అంటూ నలభై నిమిషాలు మాట్లాడి, తెర తనకు కనిపించే యాప్ ఒకటి పెట్టించి, కాయలమ్మిన డబ్బు 38,000 రూపాయలు ఊడ్చుకుపోయాడు.

"మధ్యలో అనుమానం రాలేదా మావయ్యా?" అని అడిగాను. "వచ్చిందిరా. కాని అంత మర్యాదగా మాట్లాడేవాడి మొహంమీద ఫోనెలా పెట్టేస్తాం?" అన్నారు. ఆయ్ అనీ, అండీ అనీ అనకుండా మాట పూర్తికాని మన సీమలో ఈ జవాబుకు నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. ఈ నాలుగు ముక్కలూ రాయడానికి ఆ జవాబే కారణం.

మిత్రులారా, ముందుగా గ్రహించవలసిన సంగతి ఒకటున్నది. మనం తెరిచే పేజీకి ట్యాబు లోపలికి తొంగిచూసే శక్తి లేదు. బ్రౌజరు ప్రతి పేజీనీ ఒక దడిలోపల కట్టి ఉంచుతుంది. మన ఫోటోలు, ఫైళ్ళు, వైరస్‌లు లెక్కపెట్టడం ఆ పేజీకి సాధ్యం కాదు. ఆ 13 అనే అంకె మావయ్య ట్యాబు ముట్టుకోకముందే ఎవడో రాసి పెట్టుకున్నది. వీధిలో దండోరా వేసేవాడికి మన బీరువాలో ఏముందో ఎంత తెలుసునో, ఆ ప్రకటనకూ అంతే తెలుసు.

మరి ట్యాబు కంపెనీ పేరు, మన ఊరి పేరు ఎలా వేస్తున్నాడని అడగవచ్చు. అది గారడీ కాదు. మనం ఏ పేజీ తెరిచినా, అది మన తెరకు సరిపడేట్టు రావడం కోసం బ్రౌజరే పరికరం రకాన్ని చెబుతుంది. ఇంటర్నెట్టు చిరునామానుబట్టి ఊరు కూడా సుమారుగా తెలుస్తుంది. ఊరు ఒక్కొక్కప్పుడు తప్పుతుంది కూడా. కోనసీమలో కూర్చున్నవాడికి హైదరాబాదు అని చూపడం కద్దు.

ఇక ఇది వచ్చే దారి. చాలా పేజీలలో ప్రకటనల స్థలాన్ని యజమాని స్వయంగా అమ్ముకోడు, మధ్యవర్తి కంపెనీలకు వదిలేస్తాడు. మనం పేజీ తెరిచిన ఆ క్షణంలోనే ఆ స్థలం వేలం అయిపోతుంది. దొంగలు కూడా ఆ వేలంలో పాడుకుని, మనల్ని మరొక పేజీకి లాక్కుపోయే ప్రకటన దూరుస్తారు. కనుక ధరలు చూసినా, పాత పాటలు వెతికినా, నిక్షేపమైన పేజీలోంచే ఈ పీడ రావచ్చు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ట్యాబులో చూడకూడనిదేదో చూశాడంటారని మావయ్య మూడు రోజులు అత్తయ్యకు కూడా చెప్పలేదు. ఆ మూడు రోజులే కొంప ముంచాయి.

ప్రకటన వచ్చినప్పుడు దానిలోని 'ఓకే'గాని, 'కాన్సిల్'గాని, మూలనున్న ఇంటూ గుర్తుగాని నొక్కకూడదు. ఆ ఇంటూ కూడా దొంగవాడు గీసిన బొమ్మే కావచ్చు. వెనక్కి వెళ్ళే మీట పనిచేయకపోతే భయపడనక్కరలేదు, అదీ వాడి ఏర్పాటే. తెరిచిన పేజీలన్నీ వరుసగా చూపే చోటికి వెళ్ళి ఆ ఒక్క పేజీని మూసేయాలి. (దానికీ ట్యాబ్ అనే పేరు పెట్టారు, అదొక తిక్క.) అప్పటికీ పోకుంటే బ్రౌజరునే మూసి, వై-ఫై ఆపి, మళ్ళీ తెరిచి ఆ పేజీని తీసేయాలి. తరువాత సెట్టింగ్స్‌లో బ్రౌజింగు చరిత్ర, వెబ్‌సైట్ల డేటా చెరిపేస్తే సరి. ఐప్యాడ్ అయినా ఇదే పద్ధతి.

"మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి" అనేది ఇంకొక వల. నొక్కితే, బ్రౌజరు మూసి ఉన్నా రోజూ బెదిరింపు నోటిఫికేషన్లు వస్తూనే ఉంటాయి. బ్రౌజరు సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల జాబితా చూసి ఆ పేరు తీసేయాలి. మా హాస్టల్లో ఇద్దరి ట్యాబులు ఇందుకోసమే రిపేరు షాపు దాకా వెళ్ళివచ్చాయి!

ఈ వ్యాపారం ఎక్కడో సముద్రాల అవతల జరుగుతున్నదని అనుకోవద్దు. 2025 మే నెలలో అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో, అమెజాన్ ఉద్యోగులమంటూ అమెరికా వాళ్ళకు టోపీ వేస్తున్న కాల్ సెంటర్‌ను పోలీసులు పట్టుకున్నారు. అక్కడ ఫోన్లలో మాట్లాడినవాళ్ళు మన ఈడు కుర్రాళ్ళే. డిగ్రీ చేతబట్టుకుని ఉద్యోగం వెతుక్కునే మనకు, అలాంటి కుర్చీ మన దగ్గరికీ రావచ్చునన్న ఆలోచన కొంచెం చలి పుట్టిస్తుంది.

పొరపాటున యాప్ పెట్టేస్తే వెంటనే ఇంటర్నెట్టు ఆపి యాప్ తీసేయాలి, పాస్‌వర్డులు వేరే పరికరంనుంచి మార్చుకోవాలి. డబ్బు పోతే 1930కి ఫోను. 2021లో 155260 అనే నంబరుతో మొదలైన ప్రభుత్వ ఏర్పాటు ఇది. మన ఫిర్యాదు అందగానే సొమ్ము ఏ ఖాతాలోకి వెళ్ళిందో ఆ బ్యాంకుకు కబురు వెళ్ళి, అక్కడ మిగిలి ఉన్నంతమేరకు నిలిపివేస్తారు. దొంగ గంటల్లో నాలుగు ఖాతాలు మారుస్తాడు కనుక ఇక్కడ రోజులు కాదు, నిమిషాలు లెక్క. బ్యాంకుకూ అప్పుడే చెప్పాలి. మన తప్పువల్ల పోయినా, చెప్పిన తరువాత జరిగే నష్టం బ్యాంకుదేనని రిజర్వు బ్యాంకు 2017 జూలైలోనే ఉత్తర్వు ఇచ్చింది.

మావయ్య విషయంలో మూడో రోజున చేసిన ఫిర్యాదుకు 4,200 రూపాయలు మాత్రం ఆగినవి.

మొన్న దసరా సెలవులకు వెళ్ళినప్పుడు ఆయనే ట్యాబు తెచ్చి చూపించారు. "ఒరే అబ్బాయ్, నిన్న మళ్ళీ వచ్చాడురా. ఈసారి 27 వైరస్‌లట. నువ్వు చెప్పినట్టు మూసేశాను" అని, "ఇంతకీ కాయ ధర చూడకుండానే మూసేశాను, కాస్త చూసిపెట్టు" అన్నారు.