సన్న బెజ్జాల లెక్క

జనగామ మెకానిక్ షెడ్డులో "కార్బ్యురేటర్" అంటే అవతలివాడు ఒక క్షణం ఆగుతాడు. "కార్పొరేటర్" అంటే వెంటనే పానా అందుకుంటాడు. జనగామ మున్సిపాలిటీకి ఉన్నది కౌన్సిలర్లే. కార్పొరేటర్లంతా పెట్రోలు ట్యాంకుల కిందనే ఉంటారు.

మా కాకకు ఒక ఆర్ఎక్స్ 100 ఉంది. 1985 నుంచి 1996 దాకా ఎస్కార్ట్స్ వాళ్లు యమహాతో కలిసి తయారు చేసిన టూస్ట్రోక్ బండి, 98 సీసీ. మానుకోటలో వసారా కింద నాలుగేళ్లు కదలకుండా నిలబడింది. మొన్న కిక్కు కొడితే చోక్ లాగినప్పుడే లేచింది, చోక్ తీయగానే చచ్చింది. చాలామంది ఇలాంటప్పుడు కొత్త ప్లగ్గు వేయిస్తారు. నిజానికి రోగం ఎక్కడుందో బండే చెప్పింది, కాకపోతే దాని భాష తెలియాలి.

కార్బ్యురేటర్‌లో మోటారు లేదు, కరెంటు లేదు. దోమల మందు కొట్టే పాత ఫ్లిట్ పంపు గుర్తుందా? గొట్టం మూతి మీదుగా గాలి దూసుకుపోతే డబ్బాలోని మందు పైకి లేచి తుంపరగా పడుతుంది. ఇక్కడా అంతే. ఇంజను లాగే గాలి ఇరుకు గొంతులోంచి పోయేటప్పుడు వేగం పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. కింద బౌలులో ఉన్న పెట్రోలును బయటి గాలి ఒత్తిడి పైకి నెడుతుంది. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. ఈ కొలతను కాపాడేవి ఇత్తడి జెట్లలోని సన్న బెజ్జాలు. యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పినప్పుడు పైలట్ జెట్, నడిమి దూరమంతా స్లైడుకు వేలాడే సూది, పూర్తిగా తిప్పితే మెయిన్ జెట్ పనిచేస్తాయి. చోక్ అదనంగా పెట్రోలు పోస్తుంది. అది లేకపోతే బండి నిలబడడం లేదంటే ముందుగా అనుమానించాల్సింది పైలట్ జెట్ పూడికనే.

బౌలు విప్పితే అడుగున కందిగింజంత నీటిబొట్టు, చుట్టూ ఆకుపచ్చ మరక, మిగతాదంతా ముదురుపాకం లాంటి జిగురు. నిలవున్న పెట్రోలు ఆవిరైతే ఆ జిగురు మిగులుతుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతకాలం రబ్బరును ఉబ్బిస్తుంది. అందుకే ఓరింగులు, ప్యాకింగు, ఫ్లోటు సూది పాతవి చూడ్డానికి బాగున్నా తీసేసి, రిపేరు కిట్టులో వచ్చే కొత్తవి వేయాలి.

నేను సన్న ఇనుప తీగ తీసుకుని జెట్టులో పెట్టబోతుంటే పెద్ద మేస్త్రీ చెయ్యి పట్టుకున్నడు. "ఇనుముతోటి పొడిస్తె ఇత్తడి ఆగుతదా బిడ్డా? ఇగ బెజ్జం పెద్దగైతది." లెక్క వేస్తే ఆయన మాట ఇంకా గట్టిది. బెజ్జం అడ్డకొలత పదో వంతు పెరిగితే దాని వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. ఆ తర్వాత ఎంత ట్యూనింగ్ చేసినా బండి పెట్రోలు తాగుతూనే ఉంటుంది. రబ్బరంతా ముందే తీసేసి, క్లీనర్‌లో నానబెట్టి, పంక్చర్ షాపు గాలి కొట్టాలి. జెట్టును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతల గుండ్రటి చుక్క కనబడాలి. అర మిల్లీమీటరు కూడా ఉండని ఆ చుక్క కోసం మేము రెండుసార్లు నానబెట్టాం.

బిగించడంలోనే అసలు ఓపిక కావాలి. సూదికి క్లిప్పు ఏ గాడిలో ఉందో విప్పేముందే ఫోటో తీసుకోండి. క్లిప్పు పై గాడికి పోతే సూది కిందికి దిగి పెట్రోలు తగ్గుతుంది. స్లైడు అడుగున కోసినట్టున్న వైపు ఎయిర్ ఫిల్టర్ దిక్కుకే ఉండాలి. ఫ్లోటు ఎత్తు తప్పితే ఓవర్‌ఫ్లో, లేకపోతే కరువు. ఈ బండికి యాక్సిలరేటర్ కేబుల్ చీలి ఆయిల్ పంపుకూ పోతుంది, దాని గుర్తులు కూడా సరిచూడాలి. ఇంజనుకు, కార్బ్యురేటర్‌కు నడుమ రబ్బరు పగిలితే దొంగగాలి లోపలికి పోతుంది. టూస్ట్రోక్‌లో దాని ఫలితం వేడెక్కి పిస్టన్ పట్టేయడం.

అదే రాజ్‌దూత్ 350 అయితే సిలిండర్లు రెండు, కార్బ్యురేటర్లూ రెండే. రెండు స్లైడ్లూ ఒకేసారి లేవాలి. జోడెద్దుల్లో ఒకటి ముందు నడిస్తే అరక ఎట్లుంటుందో దున్నినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

భూపాలపల్లి దిక్కు సింగరేణి బొగ్గు దుమ్ముతో ఇంకో తంటా. ఫిల్టర్ పూడితే గాలి తగ్గి ప్లగ్గు నల్లబడుతుంది. కొందరు పిక్కప్ కోసమని ఫిల్టరే పీకేస్తారు. అప్పుడు దుమ్ము నేరుగా సిలిండర్‌ను గీకుతుంది. ఇది నాకు అస్సలు మింగుడుపడని తెలివి.

అన్నీ బిగించి, ఇంజను వేడెక్కాక మిగిలేది ఎయిర్ స్క్రూ. మెల్లగా చివరిదాకా బిగించి, అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి, శబ్దం నిలకడపడే చోట ఆపాలి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక కొత్త బండ్లలో ఈ పనంతా కంప్యూటర్ చేసేస్తోంది. ఈ శబ్దానికి చెవి అలవాటైన మేస్త్రీలు మాత్రం పెద్దవాళ్లవుతున్నారు.

తొర్రూరు దాకా పోయొచ్చి ప్లగ్గు విప్పితే చాయ్ రంగు. ఆ రాత్రి వసారాలో పెట్టేముందు కాక పెట్రోలు ట్యాప్ మూసి, బౌలు ఎండి ఇంజను దానంతటదే ఆగేదాకా పక్కనే నిలబడ్డడు.