ముగ్గురు కూర్చుంటే కేసు

ఆస్ట్రేలియాలో సరదాకి బైక్ తోలేవాణ్ణి రైడర్ అంటారు. బైక్ గ్యాంగ్‌లో ఉన్నవాణ్ణి 'బైకీ' అంటారు. ఆదివారం పొద్దున్నే హెల్మెట్ పెట్టుకుని కొండల్లోకి వెళ్ళొచ్చే నాలాంటివాళ్ళం మొదటి రకం. డ్రగ్స్, బెదిరింపు వసూళ్ళు, తుపాకులు అనగానే ఇక్కడి జనానికి గుర్తొచ్చేది రెండో రకం. తేడా తెలిసిపోతూనే ఉందిగా అంటారేమో. దూరం నుంచి చూసే పోలీసుకి మాత్రం రెండూ ఒకేలా కనపడతాయి. నల్ల జాకెట్లు, పది బైకులు, ఒకటే లైను.

నేను బ్రిస్బేన్ వచ్చి మూడేళ్ళు. వారమంతా బ్యాకెండ్ కోడ్, వీకెండ్ హిమాలయన్. మా గ్రూపులో పదకొండు మందిమి, అందులో ఏడుగురం తెలుగువాళ్ళం. మౌంట్ గ్లోరియస్ ఘాట్ ఎక్కి కాఫీకి ఆగామంటే చాలు, ఎవరో ఒకరు 2013 చట్టాల మాట ఎత్తుతారు. ఆ చట్టాల్లో పెద్దది రద్దయిపోయి చాలా ఏళ్ళయింది. వాదన మాత్రం ఇంకా వేడిగానే ఉంది.

అసలు కథ 2013 సెప్టెంబర్ 27, శుక్రవారం రాత్రి మొదలైంది. గోల్డ్ కోస్ట్‌లో బ్రాడ్‌బీచ్ అనే ఏరియా. బీచ్ పక్కనే రెస్టారెంట్లు, పిల్లలతో ఫ్యామిలీలు, టూరిస్టులు. సాయంత్రం పూట వైజాగ్ బీచ్ రోడ్డు ఎలా ఉంటుందో ఊహించుకోండి, అదే సందడి. బాండిడోస్ అనే క్లబ్ వాళ్ళు గుంపుగా వచ్చి, ఫింక్స్ అనే ఇంకో క్లబ్‌తో సంబంధం ఉన్న మనిషి కోసం ఒక రెస్టారెంట్ దగ్గర దిగారు. నడిరోడ్డు మీద కొట్లాట. ఆపడానికి వెళ్ళిన పోలీసులకీ దెబ్బలు తగిలాయి. కొందర్ని అరెస్టు చేస్తే, వాళ్ళ మనుషులు సౌత్‌పోర్ట్ పోలీస్ స్టేషన్ ముందుకొచ్చి గుమిగూడారు. చూసిన జనానికి మండిపోయింది. మండదా మరి!

అప్పటి ప్రీమియర్ (మన దగ్గర ముఖ్యమంత్రి అనుకోండి) క్యాంప్‌బెల్ న్యూమన్. అంతకుముందు ఏడాదే 89 సీట్లలో 78 గెలిచిన పార్టీ ఆయనది. పైగా క్వీన్స్‌లాండ్ రాష్ట్రానికి ఎగువ సభ లేదు, 1922లోనే తీసేశారు. కాబట్టి ఆపేవాళ్ళు లేరు. కొట్లాట జరిగి మూడు వారాలు కూడా తిరక్కుండా, అక్టోబర్ 15న సభలో పెట్టిన బిల్లులు మర్నాడు తెల్లారేలోపే పాసైపోయాయి. మా ఆఫీసులో ఒక బటన్ రంగు మార్చాలన్నా రెండు రోజుల రివ్యూ ఉంటుంది.

వాటిల్లో పెద్ద చట్టాన్ని అందరూ పొట్టిగా 'వ్లాడ్' అనేవాళ్ళు. పూర్తి పేరుని తెలుగులో చెప్పుకుంటే, దుర్మార్గపు అరాచక సంఘాల నిర్మూలన చట్టం. పెట్టినాయనకి సినిమా టైటిల్స్ మీద మోజున్నట్టుంది. పేరు సంగతి వదిలేయండి, లోపలున్నది చూడండి. గ్యాంగ్ సభ్యుడు గ్యాంగ్ పనిలో భాగంగా లిస్టులో ఉన్న నేరం ఏదైనా చేస్తే, ఆ నేరానికి పడే శిక్ష కాక ఇంకో 15 ఏళ్ళు. వాడు గ్యాంగ్‌లో ఏదైనా పదవిలో ఉంటే దానిమీద ఇంకో 10. జడ్జికి తగ్గించే అధికారం లేదు. పోలీసులకి సమాచారమిచ్చి సహకరిస్తే తప్ప పెరోల్ లేదు. 'మా సంఘం నేరాల కోసం పెట్టింది కాదు' అని నిరూపించుకోవాల్సింది కూడా నిందితుడే. ఇంకో విచిత్రం, బైకీల చట్టమని ఊరంతా పిలిచిన ఈ చట్టం బైకులకే పరిమితం కాదు. ముగ్గురు, అంతకంటే ఎక్కువమంది ఉన్న ఏ గుంపైనా దాని కిందికి రావచ్చు.

దాంతోపాటే క్రిమినల్ కోడ్‌లో ఇంకో సెక్షన్ చేర్చారు. మా కాఫీ వాదనలన్నీ తిరిగి తిరిగి దీని దగ్గరికే వస్తాయి. ప్రభుత్వం 26 క్లబ్బుల పేర్లు లిస్టు చేసి, వీటిని నేర సంస్థలంది. ఆ క్లబ్బులకి చెందిన ముగ్గురు తెలిసి తెలిసీ ఒక పబ్లిక్ ప్లేస్‌లో కలిసి ఉంటే నేరం. కనీసం ఆరు నెలల జైలు, గరిష్ఠం మూడేళ్ళు. కొట్టుకోనక్కర్లేదు, తిట్టుకోనక్కర్లేదు. బీరు తాగుతూ క్రికెట్ గురించి మాట్లాడుకున్నా చాలు. పోనీ సభ్యుడంటే ఎవరు? మెంబర్‌షిప్ కార్డు ఉన్నవాడే అనుకుంటే పొరపాటు. క్లబ్ వాళ్ళ మీటింగులకో, కలయికలకో ఒకటికి మించి వెళ్ళినవాణ్ణి కూడా లెక్కలో కలిపేంత వెడల్పుగా రాశారు ఆ నిర్వచనాన్ని.

కోడ్ రాసేవాళ్ళకి ఇది బాగా తెలిసిన సమస్య. స్పామ్ మెయిల్స్ ఆపడానికి ఫిల్టర్ పెడతాం. మెయిల్ లోపలేముందో చూసే ఫిల్టర్ రాయడం కష్టం, టైమ్ పడుతుంది. పంపినవాడి పేరు చూసి ఆపేసే ఫిల్టర్ పది నిమిషాల పని. రెండోది పెడితే ఏమవుతుంది? అసలు స్పామర్ పేరు మార్చుకుని దర్జాగా లోపలికొస్తాడు. మీ అత్తయ్య పంపిన పెళ్ళి కార్డు స్పామ్ ఫోల్డర్లో పడుంటుంది.

క్వీన్స్‌లాండ్‌లో జరిగిందీ అదేనని నా అభిప్రాయం. యాండినా అనే చిన్న ఊళ్ళో హోటల్‌కి వెళ్ళి కూర్చున్న ఐదుగురు మగాళ్ళ మీద ఆ ఏడాదే ఈ సెక్షన్ కింద కేసు పెట్టారు. 'యాండినా ఫైవ్' అని పేపర్లలో మారుమోగిపోయారు. కేసు ఏళ్ళ తరబడి నడిచి, చివరికి కోర్టు వాళ్ళని నిర్దోషులంది. ఇంకో కేసులో లైబ్రరీలో పనిచేసే ఒకావిడ చిక్కుకుంది. పార్ట్‌నర్‌తో, ఇంకో స్నేహితుడితో కలిసి పబ్‌కి వెళ్ళడం ఆవిడ చేసిన పని. ఆ ముగ్గురి లెక్క కిందే అరెస్టు చేశారు. తర్వాత ఆ సెక్షన్ వెనక్కి తీసుకున్నారు. లైబ్రరీ ఆవిణ్ణి గ్యాంగ్‌స్టర్ లెక్కలో వేసిన రాష్ట్రమని దేశమంతా నవ్వుకుంది. ఆవిడకి నవ్వొచ్చి ఉండదు.

మామూలు రైడర్లకీ సెగ తగిలింది. గ్రూప్ రైడ్‌కి వెళ్తుంటే ముందే ఫోన్ చేసి చెప్పండి, దారిలో ఆపకుండా చూస్తామని ఒక హాట్‌లైన్ పెట్టారు. మా గ్రూపులో యాభై అయిదేళ్ళ ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నాడు, ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. హాట్‌లైన్ పేరెత్తితే ఇప్పటికీ కాఫీ కప్పు పక్కన పెట్టేస్తాడు. "నలభై ఏళ్ళుగా టాక్స్ కడుతున్నా. నా బండి మీద నేను సముద్రం చూడ్డానికి వెళ్తూ పోలీసులకి ఎందుకు చెప్పాలి మేట్?" అంటాడు. ఆయన స్నేహితులు కొందరు యులిసెస్ క్లబ్‌లో ఉన్నారు. నలభై దాటినవాళ్ళ కోసం 1983లో పెట్టిన క్లబ్ అది. 'వయసు మీద పడితే పడనీ, పెద్దమనిషి వేషాలు మాత్రం వేయం' అన్న ధోరణి వాళ్ళది. జాకెట్ వెనక క్లబ్ బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ వేసుకుని పెట్రోల్ బంకులో ఆగాలన్నా ఆలోచించాల్సొచ్చిందట ఆ రోజుల్లో.

అయితే ఈ వాదనలో అందరూ ఒకే వైపు లేరు. గోల్డ్ కోస్ట్‌లో రెస్టారెంట్ నడిపే మా గుంటూరు అన్న ఒకాయన అప్పుడప్పుడు మాతో రైడ్‌కి వస్తాడు. ఆ చట్టాలంటే ఆయనకి ఇప్పటికీ గౌరవమే. "తమ్ముడూ, నువ్వు ఆ రోజులు చూళ్ళేదు. హక్కులూ గిక్కులూ బానే ఉంటయ్. వాళ్ళు పదిమంది హోటల్లోకొచ్చి కూర్చుంటే బిల్లు అడగటానికే వణుకు పుట్టేది. సాక్షి చెప్పమంటే ఎవడు చెప్తాడు? ఇంట్లో పెళ్ళాం పిల్లలు లేరా? వాళ్ళ జాకెట్ చూస్తేనే సగం పని అయిపోద్ది, ఆ జాకెట్టే ఆయుధం. మరి దాన్ని ఆపకుండా ఇంకేం ఆపుతావ్?"

ఈ మాటకి నా దగ్గర తేలికైన జవాబు లేదు. బెదిరింపు అనేది నిజంగానే అలా పనిచేస్తుంది. తుపాకీ తీయనక్కర్లేదు, వీపు మీద బొమ్మ చాలు. సాక్షులు నోరు విప్పకపోతే మామూలు కేసులు కోర్టులో నిలబడవు. చట్టాలు తెచ్చాక నేరాలు తగ్గాయని ప్రభుత్వం గట్టిగానే చెప్పుకుంది. లిస్టులో ఉన్న క్లబ్ రంగులతో పబ్బుల్లోకి, రెస్టారెంట్లలోకి రావద్దన్న నిబంధన వరకైతే నేను అన్నతోనే ఉంటాను. నేను విడిపోయేది మూడోవాడి దగ్గర. వాడేం చేశాడన్న ప్రశ్నే లేకుండా, ఎవరి పక్కన కూర్చున్నాడన్నది చూసి ఆరు నెలలు లోపల పెట్టే చోట.

కోర్టులేమన్నాయంటే, అదో పెద్ద సీరియల్. ఇలాంటి చట్టాన్నే సౌత్ ఆస్ట్రేలియా 2008లో బైకీ గ్యాంగుల మీద తెస్తే, అందులో కీలకమైన సెక్షన్‌ని 2010లో హైకోర్టు కొట్టేసింది. (ఆస్ట్రేలియాలో హైకోర్టంటే మన సుప్రీంకోర్టు.) 2009 మార్చిలో సిడ్నీ ఎయిర్‌పోర్టులోనే రెండు గ్యాంగులు కొట్టుకుని ఒక మనిషి చనిపోయాడు. ఆ వేడిలో న్యూ సౌత్ వేల్స్ తెచ్చిన చట్టం కూడా 2011లో పోయింది. క్వీన్స్‌లాండ్ చట్టాల మీద హెల్స్ ఏంజెల్స్ సభ్యుడొకరు వేసిన కేసులో తీర్పు 2014 నవంబర్‌లో వచ్చింది. మెజారిటీ జడ్జిలు ఏమన్నారంటే, ఆ ముఖ్యమైన సెక్షన్ల కింద నీ మీద ఇంకా ఏ కేసూ లేదు కదా, కాబట్టి వాటిని ప్రశ్నించే అర్హత నీకు లేదు. అంటే ముందు అరెస్టవ్వాలి, తర్వాత అడగాలి.

2015 జనవరి ఎన్నికల్లో న్యూమన్ పార్టీ ఓడిపోయింది, ఆయన సొంత సీటూ పోయింది. కారణాలు చాలా ఉన్నాయి, బైకుల వల్లే అనుకోవద్దు. కొత్త ప్రభుత్వం వేసిన విచారణ కమిషన్ ఇంకో సంగతి బయటపెట్టింది. పోలీసుల దృష్టంతా బైకీల మీదే ఉండటంతో ఆర్థిక మోసాలు, పిల్లల మీద జరిగే లైంగిక నేరాల లాంటి వాటికి తగినంత శ్రద్ధ దక్కలేదని. పైన చెప్పిన ఫిల్టర్ గుర్తుందిగా? 2016 చివర్లో వ్లాడ్‌ని తీసేశారు. దాని స్థానంలో, శిక్ష పడిన నేరస్థులతో తిరగొద్దని పోలీసులు ముందు హెచ్చరించి, అయినా తిరిగితేనే కేసు పెట్టే పద్ధతి వచ్చింది. క్లబ్ రంగుల నిషేధాన్ని మాత్రం పబ్బుల నుంచి మొత్తం బహిరంగ ప్రదేశాలకి పెంచారు.

హెచ్చరిక ఉందిగా, బానే ఉందనిపిస్తుంది. కానీ ఇలాంటి పద్ధతే న్యూ సౌత్ వేల్స్‌లో 2012 నుంచి ఉంది. దాన్ని ఎలా వాడారో అక్కడి అంబుడ్స్‌మన్ పరిశీలించి 2016లో రిపోర్టిచ్చాడు. బైకీల పేరు చెప్పి తెచ్చిన అధికారాన్ని ఆదివాసీల మీద, ఇల్లులేని వాళ్ళ మీద, టీనేజ్ పిల్లల మీద కూడా వాడారని అందులో తేలింది. ఆదివాసీలైతే వాళ్ళ జనాభా వాటాకి ఎన్నో రెట్లు.

ఇక మా సంగతి. పోయినేడు మా గ్రూపులో కుర్రాళ్ళు జాకెట్లు కుట్టించుకుందామన్నారు. వీపు మీద పైన గ్రూప్ పేరు, మధ్యలో పులి బొమ్మ, కింద 'బ్రిస్బేన్'. డిజైన్ నిజంగా అదిరింది. ఎలక్ట్రీషియన్ ఆ స్క్రీన్‌షాట్ చూసి నెమ్మదిగా ఫోన్ తిరిగిచ్చేశాడు. వీపు మీద మూడు ముక్కల బొమ్మ, కింద ఊరి పేరు ఉంటే, ఈ ఊరు మాదని చెప్పుకున్నట్టు. అలా వేసుకుంటే ముందు అసలు బైకీలే వచ్చి అడుగుతారట. మాది లిస్టులో ఉన్న క్లబ్ కాదు కాబట్టి చట్టం అడ్డురాదు. అయినా పోలీసులు ఆపి ఆరా తీయడం ఖాయం. రెండు వైపుల నుంచీ ఇబ్బందే.

ఆరోజు గ్రూపులో అందరికంటే ఎక్కువ ఆలోచనలో పడ్డది పౌరసత్వం లేని మేమే. ఇక్కడి వలస చట్టంలో సెక్షన్ 501 అని ఒకటుంది, క్యారెక్టర్ టెస్ట్ అంటారు. నేరాలు చేసే గుంపులో సభ్యుడనో, దానితో సంబంధం ఉందనో మంత్రికి సహేతుకమైన అనుమానం వస్తే వీసా రద్దు చేయొచ్చు. కోర్టులో శిక్ష పడక్కర్లేదు. సిటిజన్‌కి రోడ్డు మీద ఆపితే పావుగంట వేస్ట్, అంతే. వీసా మీద ఉన్నవాడికి ఆ పావుగంటలో హోమ్ లోన్, ఇండియాలో అమ్మానాన్న, వచ్చే నెల పీఆర్ అప్లికేషన్ అన్నీ కళ్ళముందు తిరుగుతాయి. మాలాంటి కాఫీ గ్యాంగ్ మీద ఎవరూ 501 వాడరని నాకూ తెలుసు. అయినా జాకెట్లు మానేశాం. హెల్మెట్ మీద చిన్న పులి స్టిక్కర్ వేసుకున్నాం.

'మన దగ్గరైతే ఇలాంటివి చెల్లవు' అని మాలో ఒకడన్నాడు. చెల్లుతాయి బాబూ. నిషేధిత సంస్థలో ఊరికే సభ్యుడిగా ఉండటం నేరం కాదు, హింసకి దిగితేనో రెచ్చగొడితేనో నేరమని 2011లో మన సుప్రీంకోర్టు అస్సాం నుంచి వచ్చిన ఒక కేసులో చెప్పిన మాట నిజమే. 2023 మార్చిలో ముగ్గురు జడ్జిల బెంచ్ ఆ తీర్పుని తప్పంది. ఇప్పుడు నిషేధిత సంస్థ సభ్యత్వమే నేరం. ఉగ్రవాదం, బైకీలు ఒకటి కాదు, ఒప్పుకుంటా. ప్రశ్న మాత్రం అదే, చేసినదానికా శిక్ష, చేరినదానికా?

మొన్న ఆదివారం వాదన న్యూజిలాండ్ మీదికి మళ్ళింది. అక్కడ 2024 నవంబర్ 21 నుంచి గ్యాంగ్ ప్యాచ్‌లు పబ్లిక్‌లో వేసుకోవడం నిషేధం. అయిదేళ్ళలో మూడుసార్లు దొరికి శిక్ష పడితే, ఆ తర్వాత ఇంట్లో కూడా ఆ బొమ్మలేవీ ఉండకూడదని కోర్టు ఆర్డరిస్తుంది. ఆర్డర్ అయిదేళ్ళు ఉంటుంది.

గుంటూరు అన్న బావుంది బావుందన్నాడు. ఎలక్ట్రీషియన్ హెల్మెట్ తీసుకుంటూ, "బీరువాలో మడిచి పెట్టుకున్నా తప్పేనా?" అని అడిగాడు. అన్న కాసేపు ఆగి, "బీరువా సంగతి నాకు తెలీదు గానీ, నా హోటల్‌కి మాత్రం వేసుకురావద్దు" అన్నాడు.